చెరువంటే ఎండుతుంది సరే, సముద్రాన్ని ఎట్లా లెక్కబెడతారు సార్?

పోయిన నెల ఈ పేజీలో ఎవరో చేపల పులుసు గురించి అడిగితే, జవాబు చివర్లో ఊరికే ఒక ముక్క వేశాను: 2023లో మన దేశ తీరంలో 35.3 లక్షల టన్నుల సముద్రపు చేపలు ఒడ్డుకు వచ్చాయని. పులుసు సంగతి ఎవరికీ పట్టలేదు, అందరూ ఆ అంకె మీద పడ్డారు. సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సెక్కాల్సిన మన కడప, కర్నూలు, అనంతపురం నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయంటే నాకు భలే సరదాగా ఉంది. అందుకే ఈ నెల పేజీ అంతా వాటికే. వంటల ప్రశ్నలు పంపినవాళ్లు ఒక నెల ఆగండి.

ప్రశ్న: సార్, ఆ 35 లక్షల టన్నులు ఎవరు తూకం వేశారు? మా నాయన అయితే అదంతా ఆఫీసులో కూర్చుని రాసే లెక్క అంటున్నాడు. ఇంట్లో రెండు రోజులు ఇదే వాదన.
– డిగ్రీ విద్యార్థిని, కడప

జవాబు: మీ నాయన అనుమానం మంచిదే తల్లీ, కానీ ఆయన్ను ఒక మాట అడుగు. చెనక్కాయ పంట పోయి బీమా కోసం ఎదురుచూసిన ఏడాది, ఊరి దిగుబడి ఇంత అని రాశారు కదా, ఊళ్లో ప్రతి చేనూ తూచి రాశారా? లేదు. పంట కోత ప్రయోగం చేశారు. చీటీ తీసినట్టు కొన్ని చేలు ఎంచి, ఒక్కో చేలో తాడు పట్టి చిన్న ముక్క కొలిచి, ఆ ముక్కలో చెట్లు పీకి కాయ రాల్చి తూచి, దాన్నిబట్టి మొత్తం ఊరి లెక్క కట్టారు. ఏ చేను వస్తుందో ముందుగా ఎవరి చేతిలోనూ ఉండకూడదు, అసలు ప్రాణం అక్కడే ఉంది. అది తప్పితే ఏం గొడవలవుతాయో మన జిల్లాల వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

సముద్రపు చేపలకు కూడా ఇదే పని. కొచ్చిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అని ఉంది, 1947లో పెట్టారు, విశాఖపట్నంలో కూడా దాని కేంద్రం ఉంది. వాళ్ల మనుషులు తీరం పొడుగునా పడవలు దిగే చోట్ల నుంచి కొన్నింటిని, నెలలో కొన్ని రోజుల్ని చీటీ పద్ధతిలో ఎంచుకుంటారు. ఆ రోజు ఆ రేవులో నిలబడి వచ్చిన పడవలు తక్కువైతే అన్నింటినీ, ఎక్కువైతే వాటిలో కొన్నింటిని పట్టి ఏ రకం ఎంత దిగింది, ఏ వల వేశారు, ఎన్ని గంటలు వేటాడారు అని రాసుకుంటారు. రాత్రి దిగిన సరుకు సంగతి అడిగి తెలుసుకుంటారు. తర్వాత దాన్ని నెలకూ తీరానికీ పెంచి లెక్క కడతారు. అంటే ఎవరూ 35 లక్షల టన్నులు తూచలేదు, కానీ ఉత్తినే కూర్చుని రాసిందీ కాదు.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. మన దేశంలో పంట కోత లెక్కలకు దారి వేసినవాళ్లలో పి.వి. సుఖాత్మే, వి.జి. పాన్సే ముఖ్యులు. ఆ ఇద్దరే కె.వి.ఆర్. శాస్త్రి గారితో కలిసి మన దేశపు సముద్ర చేపల వేటను నమూనాలతో ఎట్లా అంచనా వేయాలో 1958లో ఒక పరిశోధన వ్యాసం రాశారు. చేను కొలిచిన చేతులే రేవునూ కొలిచాయన్నమాట. మీ నాయనకు ఇది చెప్పు, వాదన ఇంకో రెండు రోజులు నడుస్తుంది.

అయితే ఒక్కటి గుర్తుంచుకో. ఇది ఒడ్డుకు వచ్చిన చేప లెక్క. నీళ్లలో ఎంత ఉందో చెప్పే లెక్క కాదు. సంతకు తోలిన గొర్రెల్ని లెక్కబెట్టి ఊళ్లో ఎన్ని గొర్రెలున్నాయో చెప్పగలమా? అయితే సంత లెక్క కూడా ఏళ్ల తరబడి ఉంటే ఒక దారి దొరుకుతుంది. చేప తలలో చిన్న చెవిరాయి ఉంటుంది, చల్లటి సముద్రాల చేపల్లో దాన్ని కోసి చూస్తే చెట్టు మానులో ఉన్నట్టు ఏడాదికో వలయం కనిపిస్తుంది. ఫలానా ఏడాది పుట్టిన చేపలు రెండేళ్ల వయసులో ఇన్ని, మూడేళ్లకు ఇన్ని, నాలుగేళ్లకు ఇన్ని దొరికాయి అని కూడుతూ పోతే, ఆ ఏడాది పుట్టిన మందలో కనీసం అన్నైనా ఉండి ఉండాలి కదా, వాటంతట అవి చచ్చినవాటికి కొంత కలుపుకుంటే వెనక్కి లెక్క కట్టొచ్చు. మన వేడి సముద్రాల్లో ఆ వలయాలు అంత స్పష్టంగా పడవు, అందుకని ఇక్కడ చేపల పొడవులు కొలిచి వయసు అందాజా వేస్తారు.

ఇక కదలని ప్రాణులున్నాయి చూడు, బండలకు అతుక్కునే గుల్లలు, పగడాలు, వాటికైతే అచ్చం చెనక్కాయ చేను పద్ధతే. మీటరు చదరపు చట్రం పెట్టు, లోపల ఉన్నవి లెక్కబెట్టు, ఇంకో చోట పెట్టు. అంతే.

ప్రశ్న: జువాలజీలో మార్క్ రీకాప్చర్ అని ఉంది. ఫార్ములా వచ్చు, మార్కులూ వస్తాయి. కానీ నిజంగా పనిచేస్తుందా అని డౌట్.
– బి.ఎస్సీ రెండో సంవత్సరం, అనంతపురం

జవాబు: పనిచేస్తుంది, నన్ను ఒకసారి నిలువునా ముంచింది కూడా. ముందు ఫార్ములా తెలియనివాళ్లకు నాలుగు మాటలు. చేపలు కొన్ని పట్టి గుర్తు పెట్టి వదిలేస్తాం, 100 అనుకోండి. అవి మిగతావాటిలో కలిశాక మళ్లీ వల వేస్తే 80 పడ్డాయి, అందులో 8కి మన గుర్తు ఉంది. అంటే పదింట ఒకటి మనది. మనం వదిలినవి 100 కాబట్టి మొత్తం 1,000. ఫ్రాన్సు జనాభాను లాప్లాస్ 1802లో ఇట్లాంటి నిష్పత్తి లెక్కతోనే కట్టాడు, జనన రిజిస్టర్లు పట్టుకుని. చేపలకు గుర్తులు కట్టి వదిలింది డెన్మార్క్ ఆయన పీటర్సన్, 1896లో, బల్లపరుపుగా ఉండే ప్లేస్ అనే చేపలకు బొత్తాల్లాంటి బిళ్లలు తగిలించి. తర్వాత 1930లో అమెరికాలో లింకన్ అనే ఆయన బాతులకు వాడాడు. అందుకే ఇద్దరి పేర్లూ కలిపి మీ పుస్తకంలో ఉంటాయి.

ఇప్పుడు నా కథ. నేను కొత్తగా పాఠాలు చెప్పే రోజుల్లో మా పిల్లల్ని వెంటేసుకుని ఒక పల్లె చెరువుకు పోయాను. ఎందుకు చెరువంటే, మన సీమ చెరువుకు ఏ సముద్రానికీ లేని సౌకర్యం ఒకటుంది: ఎండిపోతుంది. లెక్క తప్పో ఒప్పో వేసవిలో తేలిపోతుంది. మాఘమాసంలో 120 చేపలు పట్టి, తోక రెక్క కొస కత్తిరించి వదిలాం. రెండు వారాలకు మళ్లీ పట్టాం, 150 పడ్డాయి, కత్తిరించినవి ఆరంటే ఆరే. 120ని 150తో గుణించి ఆరుతో భాగించాం, 3,000. నేను బోర్డు మీద రాసి చెరువు పాట పాడుకున్నాయనకు గొప్పగా చెప్పాను, ఆయన కళ్లు మెరిశాయి పాపం. ఏప్రిల్‌లో నీళ్లు అడుగంటి చేపలన్నీ తీసినప్పుడు బుట్టలు లెక్కపెడితే వెయ్యి పైన కొంచెం. ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

తప్పెక్కడ? గుర్తులు పెట్టింది మిట్టమధ్యాహ్నం, ఎండలో, ఒక్కో చేపనూ పదిమంది పిల్లలు చేతులు మార్చుకుంటూ. వాటిలో సగం పైనే ఆ రోజుకే చచ్చి ఉంటాయి. మిగిలినవాటిలో ఈదలేనివి కొంగలకు సులువుగా దొరికి ఉంటాయి. గుర్తున్నవి తగ్గితే రెండోసారి వలలో అవి తక్కువ పడతాయి, అవి తక్కువ పడితే లెక్క పెరుగుతుంది. ఈ పద్ధతిలో మనం చంపిన ప్రతి చేపా కాగితం మీద పదిగా లేచి వస్తుంది. చిన్న అంకెలకు చాప్‌మన్ సవరణ అని ఒకటుంది, ప్రతి అంకెకూ ఒకటి కలిపి గుణించి భాగించి చివర ఒకటి తీసేస్తారు, అది వేసినా నాకు 2,609 వచ్చింది. సవరణలు గణితం తప్పును దిద్దుతాయి గానీ ఎండలో చచ్చిన చేపను లేపవు.

సముద్రంలో ఈ ఇబ్బందులు ఇంకా ఎక్కువ. బిళ్ల ఊడిపోవచ్చు, దొరికినా జాలరి చెప్పకపోవచ్చు, చేప ఎక్కడికో వెళ్లిపోవచ్చు. వీటన్నింటి నుంచి తప్పించుకోవడానికి ఆస్ట్రేలియా వాళ్లు దక్షిణ సముద్రాల బ్లూఫిన్ ట్యూనా మీద చేసిన పని చూసి నేను కుర్చీలోంచి లేచాను, నిజంగా. వాళ్లు చేపలకు గుర్తులే పెట్టలేదు. వేటలో దొరికిన పెద్ద చేపల నుంచీ పిల్ల చేపల నుంచీ దాదాపు 14 వేల కండ ముక్కలు తీసి డి.ఎన్.ఏ. పోల్చారు. అందులో తల్లి లేదా తండ్రి ఒకవైపు, బిడ్డ ఒకవైపు ఉన్న జతలు 45 దొరికాయి. ప్రతి పిల్లా తన అమ్మానాన్నల గుర్తును ఒంట్లోనే మోస్తోంది కదా! సముద్రంలో పెద్ద చేపలు కొన్నే ఉంటే ఇట్లాంటి జతలు ఎక్కువ తగులుతాయి, కోట్లలో ఉంటే ఒక్కటి తగలడమే కష్టం. జాతరలో తప్పిపోయిన పిల్లాడి అమ్మానాన్నలు చిన్న ఊరి జాతరలో ఇట్టే ఎదురుపడతారు, పెద్ద తిరునాళ్లలో పడరు, లెక్క అదే. 2016లో ఈ పని అచ్చయింది. పట్టి, వదిలి, మళ్లీ పట్టే బాధ లేదు, చచ్చిన చేపతోనే పని అయిపోతుంది.

ప్రశ్న: తిమింగలం నీళ్లలో మునిగి ఎక్కడో తేలుతుంది. చూసిందే చూసి రెండుసార్లు లెక్కబెట్టరని గ్యారంటీ ఏముంది?
– కర్నూలు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీరు కర్నూలు నుంచి డోన్ పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని కరెంటు తీగల మీద పాలపిట్టల్ని లెక్కబెడుతున్నారు అనుకోండి. రోడ్డు పక్కనున్నది తప్పిపోదు. రెండు వందల గజాల దూరంలో ఉన్నది సగం సార్లు కనిపిస్తుంది, ఇంకా దూరమైతే అసలు కనిపించదు. మీరు కనిపించిన ప్రతి పిట్టతో పాటు అది ఎంత దూరంలో ఉందో కూడా రాసుకుంటే, దూరం పెరిగేకొద్దీ ఎన్ని తప్పిపోతున్నాయో ఆ అంకెల్లోనే తెలిసిపోతుంది. ఓడ మీద నుంచి తిమింగలాల్ని ఇట్లాగే చూస్తారు. ఓడ నేరుగా వంద కిలోమీటర్లు పోయింది, రెండువైపులా రెండేసి కిలోమీటర్లు చూశారు, అంటే 400 చదరపు కిలోమీటర్లు. కనిపించినవి 20. దూరాల లెక్క చూస్తే సగమే కంటబడుతున్నాయని తేలింది, కాబట్టి 40 ఉండాలి, పది చదరపు కిలోమీటర్లకు ఒకటి. ఓడ ఒకే గీత మీద ముందుకు పోతుంది కాబట్టి చూసిందే మళ్లీ చూడటం తక్కువ.

మీ ప్రశ్నలో అసలు ముల్లు మునగడం దగ్గరుంది. పిట్ట తీగ మీద ఉంటే కనిపిస్తుంది, స్పెర్మ్ తిమింగలం ముప్పావు గంటసేపు కిందకి పోతే ఓడ సరిగ్గా దాని నెత్తి మీదుగా పోయినా కనిపించదు. అందుకని కొన్నింటికి పరికరాలు అంటించి ఎంతసేపు పైన, ఎంతసేపు కింద అని కొలుస్తారు, లేదా ఓడలో ఇద్దరిద్దరు మనుషుల్ని వేర్వేరు చోట్ల కూర్చోబెట్టి, ఒక జట్టు చూసినవాటిలో రెండో జట్టు ఎన్ని వదిలేసిందో పోల్చుతారు. గమనించారా, ఇది మళ్లీ పై జవాబులోని గుర్తు చేపల లెక్కే.

ఇంకో చిక్కు. గుంపుగా ఉన్నవి తొందరగా కంటబడతాయి, ఒంటరిది తప్పిపోతుంది. అంటే మన నోట్‌బుక్‌లో పెద్ద గుంపులు ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉంటాయి. ఇట్లాంటి పక్షపాతాన్ని గణితంలో బిగించిన వాళ్లలో మన సి.ఆర్. రావు గారు ఒకరు. పుట్టింది హడగలి, అప్పటి బళ్లారి జిల్లా, అనంతపురం కూడా 1882 దాకా ఆ జిల్లాలోదే కాబట్టి నేనాయన్ను పక్కింటాయన అని చెప్పుకుంటాను. 1978లో జి.పి. పాటిల్‌తో కలిసి ఆయన రాసిన వ్యాసం పేరులోనే వన్యప్రాణుల జనాభా అని ఉంది.

ఒక్కో జంతువునూ మొహం గుర్తుపట్టినట్టు గుర్తుపట్టడం కూడా ఉంది. హంప్‌బ్యాక్ తిమింగలం తోక అడుగున ఉండే తెలుపు నలుపు మచ్చలు ఏ రెండింటికీ ఒకటిగా ఉండవు, ఫోటో తీస్తే చాలు, బిళ్ల అక్కర్లేదు. గుజరాత్ తీరానికి వచ్చే తిమింగల సొరచేపకైతే ఒంటినిండా తెల్ల చుక్కలు, రాత్రి ఆకాశంలా. ఆ చుక్కల్ని పోల్చడానికి 2005లో పరిశోధకులు వాడింది నక్షత్రాల ఫోటోలు సరిపోల్చడానికి ఖగోళ శాస్త్రవేత్తలు రాసుకున్న లెక్క!

ప్రశ్న: ఉపగ్రహాలున్నాయి, డ్రోన్లున్నాయి. పైనుంచి ఒక ఫోటో తీస్తే పోయేదానికి ఇంత తంటా ఎందుకు?
– ఫోటో స్టూడియో యజమాని, తాడిపత్రి

జవాబు: మీ వృత్తి మాటే చెప్తాను, వెలుతురు లేనిచోట ఫోటో ఎట్లా తీస్తారు? రెండు వందల మీటర్ల కిందికి పోతే సముద్రం దాదాపు చీకటి. మంచు మీద నిలబడే ఎంపరర్ పెంగ్విన్లను మాత్రం ఉపగ్రహంతో లెక్కబెట్టారు, తెల్లటి మంచు మీద వాటి రెట్ట మరకలు చూసి గుంపు ఎక్కడుందో పట్టారు. నీళ్లలో ఉన్నవాటికి వెలుతురు కాదు, శబ్దం కావాలి. సముద్రపు నీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లు పైనే. ఓడ అడుగు నుంచి కిందికి శబ్దం పంపితే చేప పొట్టలోని గాలితిత్తికి తగిలి తిరిగి వస్తుంది. ఒక్క చేప నుంచి ఎంత ప్రతిధ్వని వస్తుందో ముందే కొలుచుకుని ఉంటే మొత్తం ప్రతిధ్వనిని దానితో భాగించడమే. ఏ రకం చేపో తెలియడానికి మధ్యమధ్యలో వల వేసి చూసుకోవాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల కోసం శబ్దాలు పంపినవాళ్లకు కొన్ని వందల మీటర్ల లోతులో సముద్రం అడుగు లాంటిది కనిపించేది, రాత్రయితే అది పైకి లేచేది! అడుగు లేవడమేమిటని తల పట్టుకున్నారు. తీరా చూస్తే అది చిన్న చిన్న చేపలూ ఇతర ప్రాణుల దండు, పగలు కిందికి, రాత్రి మేతకు పైకి. ఆ లోతు చేపలన్నీ కలిపి 100 కోట్ల టన్నులని 1980లో వలల లెక్క చెప్పింది. 2010లో బయల్దేరిన స్పెయిన్ ఓడ శబ్దంతో ప్రపంచం చుట్టి వచ్చి, 2014లో 1,000 కోట్ల టన్నులు ఉండొచ్చని రాసింది. ఒక సున్నా తేడా. చేపలు వలను చూసి పక్కకు తప్పుకుంటున్నాయి, వలలో పడనిదాన్ని లేదనుకున్నారు. ఈ రెండో అంకెను కూడా రాయి మీద గీత అనుకోకండి, గాలితిత్తి లేని చేపలున్నాయి, ఉత్త గాలిబుడగతో గట్టిగా మోగే జెల్లీ లాంటి జీవులూ ఉన్నాయి.

ప్రశ్న: నేను ఇరవై ఏళ్లుగా చేపలు అమ్ముతున్నాను. మాకు కృష్ణపట్నం వైపు నుంచి, మద్రాసు నుంచి ఐసు పెట్టెల్లో వస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం అప్పుడు తప్ప, ఎప్పుడు ఫోన్ చేసినా సరుకు వస్తోంది. మరి సముద్రంలో చేపలు తగ్గాయని ఎందుకు భయపెడతారు?
– చేపల వ్యాపారి, కడప

జవాబు: అన్నా, మీ ఊరవతల తోటల్లో బోర్లు చూడు. పైపులో రెండించుల నీళ్లు అప్పుడూ వచ్చాయి, ఇప్పుడూ వస్తున్నాయి. మరి నీళ్లు తగ్గలేదా? అప్పుడు బోరు నూటయాభై అడుగులు, ఇప్పుడు ఏడొందలు. పైపు చూసి భూమిలో నీళ్లు ఎన్నున్నాయో చెప్పలేం, ఎంత లోతు నుంచి తోడుతున్నామో కూడా చూడాలి. పడవ సంగతీ అంతే. అప్పుడు తెల్లారి పోయి సాయంత్రానికి వచ్చేది, ఇప్పుడు వారాల తరబడి ఉంటుంది, ఇంజను పెద్దది, జీపీఎస్ ఉంది, చేప ఎక్కడుందో చూపించే మెషీన్ ఉంది. నీకు వచ్చే పెట్టె మాత్రం అదే.

అందుకే లెక్కగాళ్లు ఒట్టి చేప బరువు చూడరు, గంట వేటకు ఎన్ని కిలోలు అని చూస్తారు. వేటాడేకొద్దీ గంటకు పడేది ఎట్లా తగ్గుతోందో గీత గీస్తే, ఆ గీత సున్నాను తాకే చోట మొదట ఎన్ని ఉండేవో తెలుస్తుంది. ఈ పద్ధతి 1939లో లెస్లీ, డేవిస్ అనేవాళ్లు ఎలుకల కోసం కనిపెట్టారు, బోన్లు పెట్టి పట్టేకొద్దీ ఎన్ని తగ్గుతున్నాయో చూసి. ఎలుకల లెక్క తర్వాత చేపలకు వచ్చింది.

కానీ అదీ మోసం చేస్తుంది. కెనడాలో న్యూఫౌండ్‌ల్యాండ్ దగ్గర కాడ్ అనే చేప వందల ఏళ్లుగా ఆ ఊళ్ల అన్నం. చేపలు తగ్గుతున్నా మిగిలినవన్నీ ఒకచోట గుంపు కట్టేవి, పడవలు సరిగ్గా ఆ గుంపు మీదికే పోయేవి, గంటకు పడేది మాత్రం తగ్గలేదు. ప్రభుత్వపు సర్వే ఓడ ఎక్కడపడితే అక్కడ చీటీ తీసి ఒకే రకం వల వేస్తే తక్కువ పడింది. రెండు అంకెల్లో ఏది నమ్మాలన్న ఊగిసలాటలో ఏళ్లు పోయాయి. వ్యాపార పడవల అంకె మీద భారం వేసినందుకు ఎంత చేప ఉందో దానికంటే చాలా ఎక్కువ ఉందనుకున్నారు. 1992 జూలైలో వేట మొత్తం ఆపేశారు, వేలమంది పని పోయింది. ఆ నిషేధం ఎత్తేసింది 2024లో, అంటే 32 ఏళ్లకు. నీ అనుభవం తప్పని నేననను అన్నా. అమ్మేచోట నుంచి చూస్తే అది కనిపించదు, అంతే.

ఒక పని చెయ్యి. పెట్టెలో వచ్చే వంజరం సగటున ఎన్ని కిలోలుంటోందో నెలకోసారి రాసిపెట్టు. చిన్నవి పెరుగుతూ పెద్దవి అరుదైపోతుంటే, ఆ కాగితం నాకంటే ముందు నీకే సంగతి చెప్తుంది.

ప్రశ్న: మా స్కూల్లో సైన్స్ ఫెయిర్. సముద్రం లేదు, చెరువులో నీళ్లు లేవు. నేనేం చేయాలి?
– ఎనిమిదో తరగతి, ఆదోని

జవాబు: ఒక గోనె సంచి చెనక్కాయలు తెచ్చుకో. దోసెడు తీసి వంద కాయలకు ఇంకు చుక్క పెట్టి, ఆరనిచ్చి, మళ్లీ సంచిలో పోసి బాగా కలుపు. పైపైన కలిపితే లెక్క తప్పుతుంది, కింది కాయ పైకి రావాలి. తర్వాత చూడకుండా నాలుగైదు గుప్పెళ్లు తీసి లెక్క కట్టు. ఇట్లా పదిసార్లు చేసి పది అంకెలూ చార్టు మీద రాయి, ఒక్కటే రాయకు, అవి ఎంత అటూఇటూ ఊగుతాయో అదే చూడాల్సింది. చివర్లో నీ ఫ్రెండ్స్‌ను కూర్చోబెట్టి సంచి మొత్తం లెక్కబెట్టించు. ఇంకో పదకొండోసారి కూడా చెయ్యి, ఈసారి గుర్తు పెట్టిన కాయల్లో సగం ఎవరికీ చెప్పకుండా జేబులో దాచేసి. అప్పుడేమవుతుందో మాస్టార్ని ముందే ఊహించమని అడుగు. ఇంకు కాయలు మాత్రం ఎవరూ తినకుండా చూసుకో నాయనా.